పాత డబ్బాల మీద బెంగ

బ్రిటన్‌లో డెబ్భై యేళ్ళు దాటినవాళ్ళు నలుగురు వొకచోట చేరితే మాట తిండి మీదికి మళ్ళడానికి యెంతోసేపు పట్టదు. చిన్నప్పుడు బళ్ళో పెట్టిన సగ్గుబియ్యం పుడ్డింగు, బొంబాయి రవ్వ పుడ్డింగు, వాటిమీద గరిటెతో పోసిన పసుప్పచ్చని కస్టర్డు, ఆదివారం సాయంత్రం రేకుడబ్బా కోసి తీసిన పీచ్ పళ్ళు, దుకాణాల్లో యిప్పుడు కనిపించని ఫలానా మాంసం డబ్బా. అవి మళ్ళీ రావని వాళ్ళు నిజంగానే బాధపడతారు. యీ బాధకు నైతికంగా యేమైనా విలువ వుందా? లేక యిది వయసు మళ్ళినవాళ్ళ జిహ్వచాపల్యమేనా?

మన శిబిరంలో దీనికి సిద్ధంగా వున్న జవాబు వొకటుంది. గతం మీద మోజు అభివృద్ధి నిరోధకం. సామ్రాజ్యం పోగొట్టుకున్న జాతి దాని తీపిని నెమరువేసుకుంటున్నది. అంతకు మించి యిందులో యేమీ లేదు. యీ జవాబులో సగం నిజముంది. ఆ సగాన్ని దాటవెయ్యడానికి వీల్లేదు.

డబ్బా తిండి పుట్టుకే యుద్ధనౌకలతో ముడిపడింది. 1813లో లండన్‌లోని బెర్మండ్సీలో డాంకిన్, హాల్, గాంబుల్ అనే ముగ్గురి కార్ఖానా రేకుడబ్బాల్లో మాంసం నింపి బ్రిటిష్ నావికాదళానికి అమ్మింది. శ్రామికుల యిళ్ళకు డబ్బా చేరింది తర్వాత. దక్షిణ అమెరికాలో, ఉరుగ్వే దేశంలోని ఫ్రే బెంటోస్ అనే వూరి పేరు ఇంగ్లండులో మాంసం డబ్బాకే పేరైపోయింది. 1979లో అక్కడి కార్ఖానా మూతపడింది. 2015లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పశువుల్ని కోసిన చేతులు యెవరివో యింగ్లీషు భోజనాల బల్లమీద యెన్నడూ తెలియలేదు.

యిక పుడ్డింగు మీద పోసుకునే గోల్డెన్ సిరప్. 1883 నాటి లండన్ కార్ఖానాలో చక్కెర శుద్ధి చెయ్యగా మిగిలిన పాకం అది. దాని యజమాని లైల్ కంపెనీ 1921లో టేట్ కంపెనీతో కలిసిపోయింది. యీ ఉమ్మడి కంపెనీ అనుబంధ సంస్థ జమైకాలోని ఫ్రోమ్‌లో చక్కెర మిల్లు కడుతుండగా, 1938 మే నెలలో కూలి కోసం తిరగబడ్డ జనంమీద పోలీసులు విరుచుకుపడ్డారు, నలుగురు చనిపోయారు. 1949లో లేబర్ పార్టీ చక్కెర పరిశ్రమను జాతీయం చేస్తామన్నప్పుడు యిదే కంపెనీ ‘మిస్టర్ క్యూబ్’ అనే చక్కెర బిళ్ళ బొమ్మను పొట్లాలమీద అచ్చువేసి, దానిచేత జాతీయీకరణకు వ్యతిరేకంగా వుపన్యాసాలు యిప్పించింది. పిల్లల బల్లమీదికి కూడా యెక్కిన బొమ్మ అది! బ్రిటన్ తిన్న చక్కెరలో మారిషస్ చక్కెరా వుంది. ఆ చెరకు తోటలకు పందొమ్మిదో శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచీ ఒప్పందపు కూలీలుగా తెలుగువాళ్ళు వెళ్ళారు. కాబట్టి ఆ తీపి మనకు మరీ పరాయిది కాదు.

యింతవరకూ ఆ జవాబు సరైనదే. కాని యిక్కడే ఆగిపోతే మనకు అర్థంకాని సంగతి వొకటి మిగులుతుంది. ఆ సగ్గుబియ్యం పుడ్డింగును ఆ పిల్లలు యిష్టంగా తినలేదు. దాన్ని ‘కప్పగుడ్లు’ అని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించిన నోళ్ళే యీనాడు దానికోసం పలవరిస్తున్నాయి. పోనీ, పాతదల్లా తియ్యనే అనుకుందామా? రెండో యుద్ధం తర్వాత ప్రభుత్వం దక్షిణాఫ్రికా నుంచి స్నూక్ అనే చేపను డబ్బాలకు డబ్బాలు తెప్పించింది. జనం ముట్టలేదు, మిగిలింది పిల్లుల పాలయింది. అదీ పాతదే, అదీ డబ్బాయే. దానికోసం బెంగపడేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అంటే జ్ఞాపకం నాలుకమీదా లేదు, పాతదనంలోనూ లేదు.

మరెక్కడుంది? అక్కడ 1940లో మొదలైన రేషను 1954 దాకా సాగింది. ఆ కరువు రోజుల్లోనే, 1944 విద్యాచట్టం బళ్ళో భోజనం యేర్పాటు చెయ్యడాన్ని స్థానిక సంస్థల విధిగా చేసింది. 1946 చట్టం ప్రతి విద్యార్థికీ రోజూ పింటులో మూడోవంతు పాలు వుచితంగా యిచ్చింది. గనికార్మికుడి కొడుకూ గుమాస్తా కూతురూ వొకే గిన్నెలోంచి వడ్డించుకున్నారు. అంతా సమానత్వమే వెల్లివిరిసిందనడం లేదు. వుచితంగా తినే పిల్లల్ని వేరే వరసలో నిలబెట్టిన బళ్ళూ వున్నాయి. అయినా మధ్యాహ్నం గంట కొడితే వేడి అన్నం దొరుకుతుందన్న ధీమా ఆ తరానికి కొత్తది. 1971లో యేడేళ్ళు దాటిన పిల్లలకు పాలు ఆపేశారు. 1980 చట్టం భోజనానికున్న పోషకాహార ప్రమాణాలనే యెత్తేసింది.

పుడ్డింగు అల్మైరాలోంచి మాయం కాలేదు. పిల్లవాడి హక్కు చట్టంలోంచి మాయమైంది. కాని ముసలాయన నోట ఆ చట్టం పేరు రాదు, డబ్బా పేరే వస్తుంది. ఎందుకంటే సరుకుకి లేబులు వుంటుంది, రంగు వుంటుంది, సింహం బొమ్మ వుంటుంది. హక్కుకి అవేవీ వుండవు. యీ సంగతి వ్యాపారికి మనకంటే బాగా తెలుసు. 2024లో గోల్డెన్ సిరప్ సీసాలమీద సింహం బొమ్మను కొత్తగా గీయించిన కంపెనీ, పాత రేకుడబ్బా మీద మాత్రం పాత బొమ్మనే వుంచింది. అమ్ముడుపోని డబ్బాను నిర్దయగా ఆపేసేదీ, అమ్ముడుపోయే జ్ఞాపకాన్ని జాగ్రత్తగా దాచేదీ వొకే లెక్కల పుస్తకం.

యిదంతా దూరదేశపు ముచ్చట అనుకునేవారికి మన బళ్ళ సంగతి గుర్తుచేస్తాను. నా చిన్నతనంలో మా వూరి బళ్ళో అమెరికా గోధుమరవ్వతో చేసిన ఉప్మా పెట్టేవారు. సోయానూనె వాసన వీధి మలుపు దాకా వచ్చేది. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం యెవరి మిగులు ధాన్యాన్ని వదిలించుకోవడానికో, ఆ సాయం వెనుక యే రాజకీయం వుందో పెద్దయ్యాక చదివాను. చదివినందువల్ల ఆ వాసన నాకు చేదెక్కలేదు. చేదెక్కాలని శాసించే నీతిని నేను వొప్పుకోను. పలక చంకన పెట్టుకుని ఆకు పరిచిన పిల్లవాడు సామ్రాజ్యవాదంతో రాజీపడలేదు, ఆకలితో తిన్నాడు. దోషం జ్ఞాపకంలో లేదు, దాన్ని సగంలో ఆపెయ్యడంలో వుంది.

ఆ ముసలివాళ్ళను చూసి మనం నవ్వితే, నవ్వనివాళ్ళు వాళ్ళను దగ్గరకు తీస్తారు; ‘పరాయివాళ్ళు వచ్చాకే మన తిండి పోయింది’ అని చెవిలో చెబుతారు. ఆ మాట అక్కడ వినబడుతూనే వుంది. అంతకంటే ముందే మనం వాళ్ళ పక్కన కూర్చుని తక్కిన సగం అడగాలి: అది యెవరు వండారు? డబ్బెవరిచ్చారు? యే ప్రభుత్వం, యే సంవత్సరం ఆపింది? మన విద్యార్థులు వేసవి సెలవుల్లో వూళ్ళకు వెళ్ళినప్పుడు ఉప్మా తిన్న తరాన్ని కూడా యీ ప్రశ్నలే అడగవచ్చు. 2001లో సుప్రీంకోర్టు వుత్తర్వు వచ్చాక వండిన భోజనం మన బళ్ళలో మళ్ళీ హక్కుగా నిలబడింది. దాన్ని వండుతున్న ఆడవాళ్ళకు యిస్తున్నదాన్ని మాత్రం యీనాటికీ జీతమని అనడం లేదు, గౌరవ వేతనమంటున్నారు.