పొట్టి తుపాకి ఖరీదు

వస్తువు కొనబోయే మనిషి సాధారణంగా రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఖరీదెంత? పనికి వస్తుందా? ఇవి బజారు నేర్పిన ప్రశ్నలు. కాడెద్దు కొన్నా, గడియారం కొన్నా యీ రెంటితోనే పని జరిగిపోతుంది. కాని కొన్ని వస్తువుల విషయంలో యీ ప్రశ్నలకు సమాధానం దొరికిన తర్వాతనే అసలు ప్రశ్న తల యెత్తుతుంది. అమెరికాలో సరదా వస్తువుగా అమ్ముడుపోతున్న పొట్టి గొట్టపు తుపాకి అటువంటిది.

దీనితో మనకేమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. టెక్సస్ రాష్ట్రంలో స్థిరపడిన నా పాత విద్యార్థి వొకడు ఇటీవల నాకు రాస్తూ, అటువంటి తుపాకి కొనాలని వున్నదనీ, ధర గిట్టుతుందా, దేనికైనా పనికొస్తుందా అని లెక్కలు వేసుకుంటున్నాననీ తెలియజేశాడు. "పన్ను కూడా పోయింది మాస్టారూ, ఇక అభ్యంతరం యేముంది?" అన్నాడు. అతడు దుడుకువాడు కాడు. చట్టాన్ని తప్పించుకోవాలన్న ఆలోచన అతనికి లేదు. కనుకనే అతని ప్రశ్నను వొక్క చీత్కారంతో తోసివేయటం న్యాయం కాదు. అతని లెక్కనే తీసుకొని చివరిదాకా వేసి చూద్దాం.

ముందు పనికివచ్చే సంగతి. అమెరికాలో 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం ప్రకారం గొట్టం 18 అంగుళాలకు గాని, మొత్తం పొడవు 26 అంగుళాలకు గాని తగ్గిన షాట్‌గన్ ప్రత్యేక నిబంధనల కిందికి వస్తుంది. సరదా తుపాకులలో పేరుపడిన 'సెర్బు సూపర్ షార్టీ' యింకా పొట్టిది. దాని గొట్టం ఆరున్నర అంగుళాలు, మొత్తం పొడవు పదహారున్నర. మూడు తూటాలు పడతాయి. భుజానికి ఆనించుకునే కర్ర వుండదు.

అది పేల్చేది పన్నెండు బోరు తూటా. పన్నెండు బోరంటే, ఆ గొట్టానికి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిసి వొక పౌను తూగుతాయని అర్థం. పెద్ద తుపాకికి తగిన తూటా అది. భుజం మోయవలసిన దెబ్బను ఇక్కడ మణికట్టు మోయాలి. గురి నిలపటం కష్టం. మందు గొట్టంలో పూర్తిగా కాలకముందే బయటపడటంవల్ల మంటా, చప్పుడూ హెచ్చుతాయి. పొట్టి గొట్టమైతే గురి అక్కరలేదన్నది సినిమాలు నేర్పిన మాట. గదిలో వుండే దూరానికి గుండ్లు అంతగా చెదరవు. వేటకు ఇది పనికిరాదు, గురి పందేలకు పనికిరాదు. ఇంటి రక్షణ కోసమంటే, ఆ పని యిదే బోరు గల మామూలు పొడుగు తుపాకి యింతకంటె మెరుగ్గా చేస్తుంది. పొట్టి చేయటం వల్ల కలిగే లాభం వొక్కటే: దాచుకోవటం.

ఇక ధర. ఈ పొట్టి తుపాకికి ఆధారమైన మామూలు పంపు తుపాకి అక్కడ కొద్ది వందల డాలర్లకే దొరుకుతుంది. దాని గొట్టం కోసి, కర్ర తీసివేస్తే ధర తగ్గాలి గదా! తగ్గదు, పెరుగుతుంది. ఇనుము తగ్గింది, పనితనం తగ్గింది, ధర హెచ్చింది. వినియోగ విలువకూ మారకపు విలువకూ మధ్య తేడాను తరగతిలో వివరించటానికి అవస్థపడే అర్థశాస్త్రపు అధ్యాపకులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఇక్కడ కొనేవాడు కొంటున్నది పనిముట్టును కాదు. మరి దేనిని?

దానికి జవాబు చెప్పేముందు చట్టం సంగతి కొంత చూడాలి. మద్యనిషేధపు కాలంలో అమెరికా నగరాలలో ముఠాలు బలిశాయి. 1929 ఫిబ్రవరి 14న చికాగోలో టామీ తుపాకులతోనూ షాట్‌గన్‌తోనూ ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చి చంపారు. అటువంటి రక్తపాతం నేపథ్యంలోనే 1934 చట్టం వచ్చింది. మొదటి ముసాయిదాలో పిస్తోళ్ళు కూడా వున్నాయి. పెద్ద తుపాకులను పొట్టిచేసి పిస్తోళ్ళవలె దాచుకునే దారి మూయటానికి పొట్టి తుపాకులనూ చేర్చారు. తర్వాత పిస్తోళ్ళను చట్టంనుండి తొలగించారు, పొట్టి తుపాకులు మాత్రం మిగిలిపోయాయి. తలుపు తీసివేసి గడియను భద్రంగా వుంచినట్లయింది.

చట్టం విధించిన పన్ను 200 డాలర్లు. ఆనాడది సామాన్యుడు అందుకోలేని మొత్తం. తొంభై యేళ్ళపాటు ఆ అంకె మారలేదు గనుక రాను రాను అది నామమాత్రమైంది. మరొక చిత్రమేమంటే, భుజపు కర్రతో పుట్టి తర్వాత పొట్టిదైన తుపాకి చేతులు మారితే 200 డాలర్లు, కర్ర లేకుండా పుట్టినది 'ఇతర ఆయుధం' అనే తరగతిలో చేరి అయిదు డాలర్లు! రెండూ వొకే పొడవు, వొకే తూటా. తుపాకులకు కూడా పుట్టుకనుబట్టి కులం నిర్ణయించినట్లు వున్నది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జనవరి 1నుండి యీ రెండు పన్నులూ సున్నా అయినాయి. నమోదు, వేలిముద్రలు, ఫొటో, ముందస్తు అనుమతి మాత్రం వున్నాయి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు పొట్టి షాట్‌గన్లను నిషేధించాయి కూడా. మన దేశంలోనైతే, లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం పొట్టి చేయటమే 1959 ఆయుధాల చట్టం ఆరవ సెక్షన్ ప్రకారం నేరం.

కాగా, చట్టం కొలిచేది అంగుళాలను. నీతికి అంగుళాల కొలత చాలదు. పదిహేడున్నర అంగుళాల గొట్టం పాపమూ, పద్ధెనిమిదంగుళాల గొట్టం పుణ్యమూ కావు. పన్ను పోయింది కనుక అభ్యంతరం పోయిందనటం, సుంకం యెత్తివేస్తే కల్లు పాలవుతుందనటం వంటిది. ప్రభుత్వం తగ్గించింది ధరను మాత్రమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పనికిరాని యీ ఇనుపముక్కకు సరదా యెక్కడినుండి వచ్చింది?

సిసిలీలో దీనికి తమ్ముడున్నాడు, పేరు 'లుపారా'. తోడేళ్ళను కాల్చే తుపాకి అని దాని అర్థం. మంద కాచుకోవటానికి పుట్టిన ఆ తుపాకి మాఫియా చేతిలో మనుషులను చంపే ఆయుధమైంది. గొట్టం కోసింది అంగీ కింద దాచటానికే. అమెరికాలో 1938లో జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే యిద్దరు వొక పొట్టి షాట్‌గన్‌ను ఓక్లహామానుండి ఆర్కన్సాకు తీసుకుపోతూ పట్టుబడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1939 మే నెలలో, ఇటువంటి తుపాకికి పౌరసేన అవసరాలతో సంబంధమున్నట్లు తమ ముందు ఆధారం లేదని కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వినటానికి మిల్లర్ లేడు. అంతకు ముందు నెలలోనే యెవరో అతనిని కాల్చి చంపారు.

ఆ తుపాకికి వెనుకనున్న చరిత్ర ఇది. ఈ చరిత్ర లేకపోతే దాని సరదా కూడా లేదు. బల్లమీద పెట్టి స్నేహితులకు చూపినప్పుడు వారు నవ్వుతూ ఉలిక్కిపడతారే, ఆ ఉలికిపాటే అక్కడ అమ్ముడుపోయిన సరుకు. ఎప్పుడో అంగీ కిందినుండి ఆ గొట్టం బయటికి రాగా చూసినవాని భయం, ఇప్పుడు భయపడనక్కరలేనివాని వినోదంగా మారింది. వెల చీటీమీద కనిపించని ఖరీదు ఇది. దీనిని చెల్లించినవారు వేరు, అనుభవించేవారు వేరు.

దీనికి వచ్చే ఆక్షేపణలు రెండు. మొదటిది: చట్టప్రకారం నమోదైన ఇటువంటి తుపాకులతో నేరాలు జరగటం బహు అరుదు, మరి యెవరికి నష్టం? ఈ మాట నిజం, దానిని కాదనటం నిజాయితీ కాదు. నా విద్యార్థి యెవరినో చంపుతాడని నేననటం లేదు. అయితే నీతి అనేది నష్టపరిహారపు దావా వొక్కటే కాదు. మనిషి దేనిని చూసి ఆనందిస్తాడన్నది కూడా నీతికి సంబంధించిన ప్రశ్నే. ఉరికొయ్య నమూనాను బల్లమీద అలంకారంగా పెట్టుకున్నవాడు యెవరినీ ఉరితీయడు. అయినా అతని ఇంట్లో అన్నం తినటానికి మనకు మనసొప్పదు.

రెండవది: పనికిరాని వస్తువులు మీరు మాత్రం కొనటం లేదా? వీణ పనికివస్తుందా? పద్యం పనికివస్తుందా? ఇది గట్టి ప్రశ్న. సాహిత్యం చెప్పి బ్రతికేవాడిని, పనికిరానితనమే దోషమని నేను అనలేను. ప్రతి వస్తువునూ పనితోనే తూచేవాడు వ్యాపారి అవుతాడు గాని అభ్యుదయవాది కాడు. అయితే వీణలోని ఆనందం వీణలోనే వున్నది, వాయించేవాని వేళ్ళలో వున్నది. అది మరొకరి భయంనుండి అప్పు తెచ్చుకున్నది కాదు. పొట్టి తుపాకి ఆనందం అప్పు సొమ్ము. తేడా అంతా ఇక్కడ వున్నది.

ఇంతవరకు వొప్పుకున్న మన పాఠకులను ఇంకొక అడుగు ముందుకు రమ్మంటాను. అమెరికావాని వ్యామోహాన్ని చూసి నవ్వటం మనకు సులభం. 1946నుండి 1951 వరకు తెలంగాణలో రైతులు ఆయుధం పట్టారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకి గుండుకు కూలిపోయాడు. ఆనాటి పల్లెల చేతిలో వున్నవి వడిసెలలు, కర్రలు, రోకళ్ళు, కారంపొడి. తుపాకి తర్వాత వచ్చింది, అదీ వేరే దారి లేక వచ్చింది. దానిని పట్టినవారికి అది బరువు. దానికోసం తిండి మానుకున్నారు, నిద్ర మానుకున్నారు, ప్రాణాలిచ్చారు. వారిలో యెవరికీ అది సరదా కాదు.

కాని ఆ తుపాకి బొమ్మను గోడపత్రికమీదా, పుస్తకం అట్టమీదా, అవసరమున్నా లేకున్నా కవిత చివరి పాదంలోనూ తగిలించుకునే అలవాటు మనలో వున్నది. భద్రంగా కూర్చున్నవాడు ఆపదలో నిలిచినవాని ఆయుధాన్ని అలంకారం చేసుకుంటే, అదీ అప్పు తెచ్చుకున్న ఉలికిపాటే. మన ఉద్దేశం వేరని చెప్పుకోవచ్చు. ఉద్దేశం మంచిదని నా విద్యార్థి కూడా అంటున్నాడు.

కనుక ఆయుధం గురించి అడగవలసిన ప్రశ్నలు రెండు కావు, మూడు. ఖరీదెంత? పనికివస్తుందా? ఎవరి భయం మనకు సంతోషమిస్తున్నది? మొదటి రెంటికి దుకాణదారుడు జవాబు చెబుతాడు. మూడవదానికి కొనేవాడే చెప్పుకోవాలి. పన్ను సున్నా అయినంత మాత్రాన ఆ జవాబు సున్నా కాదు.