సాదుకునే హక్కు ఎవరిది?

ఒక కుక్కను ఇంట్లో వుంచుకోవాలా, వద్దా అన్నది ఈ పత్రిక పాఠకులకు చర్చించదగిన విషయంగా తోచకపోవచ్చు. భూమి, కూలి, చదువు, ఉద్యోగం - ఇన్ని సమస్యలుండగా కుక్క గొడవ ఎందుకని అడిగేవారుంటారు. నిరుడు నేనూ అట్లాగే అడిగాను. ఆ ప్రశ్నతో నా దగ్గరకు వచ్చిన విద్యార్థికి నేనిచ్చిన జవాబు తప్పని తరువాత తేలింది. ఎక్కడ తప్పానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలో జైపూర్ వుంది. అక్కడ సింగరేణి సంస్థ కట్టిన 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ అబ్బాయి తండ్రి అక్కడే కాంట్రాక్టు కార్మికుడు. తల్లి బీడీలు చుడుతుంది. రెండు గదుల రేకుల ఇల్లు, అదీ అద్దెది. అబ్బాయి మంచిర్యాలలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు.

గోదావరిఖనిలో ఒక కుటుంబం, ఇంటి పెద్ద రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, పట్నంలో కొడుకు దగ్గరకు పోతూ తమ కుక్కను వదిలేసింది. తాళం వేసిన గేటు ముందు అది వారం రోజులు కూర్చున్నదట. జాలిపడ్డ కుర్రవాళ్లు కొందరు దాన్ని పట్టుకొచ్చి, "ఎవరైనా దత్తత తీసుకునేదాకా నీ దగ్గరుంచు" అని ఈ అబ్బాయికి అప్పగించారు. నెల అనుకున్నది మూడు నెలలయింది. అప్పుడు ఒక రైతు ముందుకొచ్చాడు. పత్తిచేనులో, మోటారు కొట్టం దగ్గర కాపలాకు కావాలన్నాడు.

"సార్, ఆయనకు ఇయ్యబుద్ధయితలేదు. నేనే సాదుకుంట. తప్పంటరా?" అని అడిగాడు అబ్బాయి.

"మనుషులకే గతిలేని చోట కుక్కలను సాకే వేడుక మనకెందుకు? ఇచ్చెయ్" అన్నాను. అతను మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఆ మాట మనలో చాలామందికి అలవాటు. అందులో ఏదో విప్లవం వున్నట్టు కూడా భ్రమపడతాం. కానీ దాన్ని కాస్త విప్పి చూడండి. జైపూర్‌లో కాంట్రాక్టు కార్మికునికి చాలని జీతం వస్తున్నదంటే, దానికి కారణం అతని కుక్క తినే గుప్పెడు అన్నం కాదు. ఆ కుక్కను తరిమేసిన మర్నాడు జీతం పెరగదు. పోతే, జాలి అనేది కుండలో గంజి వంటిదనీ, కుక్కకు పోస్తే మనిషికి తగ్గుతుందనీ అనుకోవడం ఇంకో భ్రమ. 1917 డిసెంబరులో రోజా లక్సెంబర్గ్ జైలునుంచి సోనియా లీబ్‌నెక్ట్‌కు రాసిన ఉత్తరం మనవాళ్లకు తెలియనిది కాదు. యుద్ధంలో చేజిక్కిన రుమేనియా దున్నలను బండికి కట్టి, నెత్తురు కారేటట్టు కొట్టిన సైనికుణ్ణి చూసి ఆమె కంటనీరు పెట్టుకుంది. ఆ కన్నీటి వల్ల ఆమె విప్లవ దీక్ష రవ్వంతైనా సడలలేదు.

అయితే దీన్ని తిరగేసి, కుక్కను ప్రేమించేవాడు మనిషిని ప్రేమిస్తాడని కూడా చెప్పలేము. గడీల ముందు కుక్కలకు మాంసం దొరికిన రోజుల్లోనే ఆ గడీలలో వెట్టివాళ్లు పస్తులున్నారు. కాబట్టి కుక్క మీద ప్రేమ దానంతటదే ఒకరి మంచితనానికి యోగ్యతాపత్రం కాదు. అది లేకపోవడం వర్గచైతన్యానికి గుర్తూ కాదు.

నా వాదం ఇట్లా కూలిపోయింది. మరి అబ్బాయి వాదమో? అతను చెప్పింది ఒకటే. కుక్క తనకు అలవాటు పడ్డది, రైతు దగ్గర దానికి ప్రేమ దొరకదు. ఇక్కడ అతనూ పొరపడుతున్నాడనుకుంటాను. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేంచంద్, అంతకు ముందు 1930లో ఒక చలిరాత్రి కథ రాశాడు. కప్పుకోను కంబళి లేని హల్కూ అనే రైతు, చేను కాపలాకు పోయి, తన కుక్క జబరాను కౌగిలించుకుని వెచ్చదనం వెతుక్కుంటాడు. చేనులో ప్రేమ వుండదని ఎవరనగలరు? ప్రేమంటే ఫోనులో కనపడే బొమ్మల్లాగా పరుపు మీద పడుకోబెట్టడమేననే అభిప్రాయం ఈ తరానికి ఎక్కడనుంచో వచ్చి చేరింది. కాని ఆ కథలోనే రెండో సంగతి కూడా వుంది. యజమాని బతుకు ఎట్లా వుంటే కుక్క బతుకూ అట్లాగే వుంటుంది. కనుక తేల్చవలసింది రైతుకు ప్రేమ వుందా లేదా అని కాదు. మా ప్రాంతంలో వేసవి ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. ఆ చేనులో నీడ వుందా, నీళ్లున్నాయా, గొలుసు ఎంతసేపు వేస్తారు - ఇవీ అడగవలసిన ప్రశ్నలు.

మాటల విషయం కూడా కొంత ఆలోచించాలి. ఈ జంతుప్రేమికులు 'దత్తత' అంటున్నారు. మన సమాజంలో దత్తత ఆస్తికి సంబంధించిన మాట. వారసుడు లేని ఇంట్లో పొలం పరాయివాళ్ల పాలుగాకుండా, తలకొరివి పెట్టడానికి ఒకడుండేట్టు చూసుకునే ఏర్పాటు అది. అందులో తీసుకునేవారి ప్రయోజనం ముందుంటుంది. మా వైపు మాట 'సాదుకోవడం'. దాంట్లో వున్నది రోజూ చేసే పని: వండటం, పెట్టడం, కడగటం, జబ్బు చేస్తే మోసుకుపోవడం. దత్తత ఒక రోజున జరిగిపోతుంది. సాదుకోవడం ప్రతిరోజూ జరగాలి.

ఆ పని లెక్క కట్టి చూద్దాం. కుక్క పన్నెండేళ్లు బతికితే, రోజుకు రెండు పూటల చొప్పున దాదాపు తొమ్మిదివేల పూటల తిండి. ఏటేటా రేబిస్ టీకా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. టీకా సంగతి చిన్నది కాదు. 1885లో పాశ్చర్ మందు కనిపెట్టినా, లక్షణాలు బయటపడ్డాక ఈ రోగంలో బతికి బయటపడేవారు ఇప్పటికీ లేనట్టే. ప్రపంచంలో ఈ రోగంతో చచ్చిపోయేవారిలో మూడోవంతుకు పైగా మన దేశంవాళ్లే. పిచ్చికుక్క కాట్లకు ఎక్కువగా గురయ్యేది వాకిట్లో, వీధిలో ఆడుకునే పిల్లలు. అంటే నిర్లక్ష్యంగా పెంచిన కుక్కకు వెల చెల్లించేది పక్కింటి పేదవాడి బిడ్డ.

ఇరవై ఏళ్ల విద్యార్థి ఈ తొమ్మిదివేల పూటలకు మాట ఇవ్వగలడా? వచ్చే ఏడు పీజీ అనో, ఉద్యోగ పరీక్షల కోచింగ్ అనో హైదరాబాదు పోతాడు. అక్కడ ఒక గదిలో అయిదుగురుంటారు. కాలేజీలో నలుగురూ కలిసి పెట్టుకుంటారులే అనుకునే వీలు కూడా తగ్గింది. విద్యాసంస్థల ఆవరణల్లోంచి వీధికుక్కలను పట్టి, ఆపరేషన్, టీకా చేసి, మళ్లీ అక్కడ వదలకుండా ఆశ్రయాలకు తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువును ఆకలికి వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! జైపూర్‌కు దగ్గరలోనే శివ్వారం వద్ద మొసళ్లకు అభయారణ్యం వుంది. మొసలిని రాజ్యం కాపాడుతుంది. కుక్కకు వున్న ఆధారమల్లా ఎవరో ఒక మనిషి ఇచ్చిన మాట.

ఇంతవరకూ వచ్చాక నాకు నా కుక్క గుర్తుకొచ్చింది.

మా నాన్న గోదావరిఖనిలో కోల్ ఫిల్లర్. హైస్కూలు రోజుల్లో నేనొక కుక్కపిల్లను తెచ్చాను. చదువుకు వరంగల్ పోతూ దాన్ని ఇంట్లో వదిలి వెళ్లాను. పండగలకు వచ్చినప్పుడు అది నా మీదకు ఎగబడేది. "ఇది నా కుక్క" అని స్నేహితులకు గర్వంగా చెప్పేవాణ్ని. నేను పోయిన నాలుగో ఏట అది చచ్చిపోయిందని ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. ఆ నాలుగేళ్లూ దానికి అన్నం పెట్టింది ఎవరని నేనెన్నడూ అనుకోలేదు. మొదటి షిఫ్టుకు నాన్నను పంపడానికి నాలుగింటికి లేచే మా అమ్మ, ఆయన గిన్నెతోపాటు దాని గిన్నె కూడా చూసేది. ఆ రోజుల్లో నేను వరంగల్‌లో అదనపు విలువ గురించి ఉపన్యాసాలిస్తున్నాను. శ్రమ ఒకరిది, సొంతం ఇంకొకరిది అని వేదికల మీద చెప్పేవాడికి, తన ఇంట్లో అది కనపడలేదు. అమ్మను ఆ మాట అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

అబ్బాయిని మళ్లీ పిలిపించాను. "ఈ మూడు నెలలూ కుక్కకు పెట్టిందెవరు?" అన్నాను.

"అమ్మ, సార్."

"ఉంచుకుందామా అని ఆమెను అడిగావా?"

అతను తల దించుకున్నాడు. ఆ రాత్రి అడిగాడట. ఆమె బీడీల చాటలోంచి తల ఎత్తకుండానే చెప్పింది: "మూన్నెల్ల సంది పెడుతున్న, ఇప్పుడా అడుగుడు? వుంచితె అది నా కుక్క. వుంచుడో ఇచ్చుడో నేను చెప్త."

మర్నాడు ఆమె కుక్కను వెంటబెట్టుకుని ఆ రైతు చేనుకు స్వయంగా వెళ్లింది. చుట్టూ చూసి, కుక్కతోనే తిరిగి వచ్చింది. "మనిషి మంచోడే. చేన్ల నీడ లేదు. ఎండకాలం పోనియ్, చూస్తం" అన్నది. కొడుకుకు షరతులు పెట్టింది: టీకా, ఆపరేషన్ ఖర్చు అతని ట్యూషన్ డబ్బుల్లోంచి, ఇంట్లో వున్నన్నాళ్లు పొద్దటి పూట తిండి అతని పని, హైదరాబాదు పోతే నెలనెలా ఇంత పంపాలి.

దున్నేవారికే భూమి అని మనం అంటాం. సాకేవారిదే నిర్ణయం అని ఇంట్లో ఎందుకు అనము? ఆమె కుక్కను ఇచ్చేద్దామన్నా అదీ న్యాయమే అయ్యేది. అప్పుడు కూడా అబ్బాయి మూడు నెలలు చూసుకున్నది వృథా పోయేది కాదు. గేటు ముందు కూర్చున్న ప్రాణిని ఇంకో గడపదాకా చేర్చడం దానంతటదే పూర్తి పని. కాని నిర్ణయం ఆమెదని ఒప్పుకుని, చాకిరీ మాత్రం ఆమెకే వదిలేస్తే, అది పాత దోపిడీకి కొత్త పేరు. అందుకే ఆ షరతులు నాకు ఆమె మాటకన్నా ముఖ్యంగా కనిపించాయి.

ఈ ప్రశ్న వేసుకునే విద్యార్థులు ఇంకా చాలామంది వుంటారు. వారు నా వంటి అధ్యాపకుణ్ణి అడగడానికి ముందు, ఇంట్లో గిన్నె నింపుతున్నదెవరో చూసి, ఆ మనిషిని అడగాలి. ఆ తరువాత, ఏ పూట తాము నింపగలరో చెప్పాలి.