తూకం తప్పని గోడ

1786లో నెల్లూరు దగ్గర గుట్టవార చేను దున్నుతున్న ఒక రైతు నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక కుండ, కుండలో ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల, ఫాస్టీనా రాణి పేర్లున్న రోమన్ నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. ముప్పైకి పైగా నవాబు వంశీకుల చేతికి చేరి బతికిపోయాయి. తక్కినవి చాలావరకు కొలిమి పాలయ్యే ఉంటాయి. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన పాఠాన్ని నమ్మితే ఇందులో పోయిందేమీ లేదు. మట్టి నిజం, కుండ పేరు. బంగారం నిజం, నగ పేరు. కానీ నాణెం కరిగాక తులం తగ్గకపోయినా, అది రోమ్ నుంచి ఈ తీరం దాకా వచ్చిందనే సాక్ష్యం పోయింది. మరి ఆకారం ఒట్టి పేరేనా?

ఈ ప్రశ్నను గోడ దగ్గర అడిగితే జవాబు సూటిగా దొరుకుతుంది. క్రీ.పూ. మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్, ఇళ్ల మధ్య ఉమ్మడి గోడలకు మధ్యవర్తులు వెలకట్టే పద్ధతి రాసిపెట్టాడు. చిన్నరాళ్ల గోడైతే గడిచిన ప్రతి ఏడాదికీ ఖర్చులో ఎనభయ్యో వంతు తీసేస్తారు. ఇటుక గోడ నిలువు తప్పకుండా ఉంటే ఎంత పాతదైనా పైసా తగ్గించరు. అంటే వెల పదార్థానికి మాత్రమే కాదు, అది నిలబడ్డ తీరుకు కూడా. నెల్లూరు తీరాన మైపాడు వైపు మట్టింటి గోడా ఇదే చెబుతుంది. తొక్కిన మట్టిని వరస మీద వరస ఆరబెట్టుకుంటూ లేపుతారు; తాటాకు చూరు వానను దూరంగా దించుతుంది; అడుగున ఉప్పు ఉబికి పెచ్చులూడిన చోట మళ్లీ మట్టి మెత్తి పేడతో అలుకుతారు. అదే మట్టిని కుప్ప పోస్తే చూరును మోయదు. మోసేది మట్టి ఒక్కటే కాదు, మనిషి అందులో నిలిపిన తూకం కూడా.

ఉద్దాలకుడిది పరమార్థం, గోడది వ్యవహారం, రెంటినీ కలపకూడదని వేదాంతి అనవచ్చు. సరే. మట్టి లేనిదే గోడ లేదన్నది ఒప్పుకోవలసిందే. అంతమాత్రాన గోడ ఏమీ కాదని తేలదు. గట్టి గోడకు ఎవరి సేవా అక్కర్లేదు, పాంపేని చూడమని మరొకరు అనవచ్చు. పాంపే గోడలను ఇన్ని శతాబ్దాలు కాచింది క్రీ.శ. 79 నాటి వెసూవియస్ బూడిద. బయటపడ్డాక వాటికీ కాపలా కావలసి వచ్చింది. 2010 నవంబరులో అక్కడి ‘గ్లాడియేటర్ల ఇల్లు’ వానలకు కూలింది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్నాక వేసిన కాంక్రీటు కప్పు కూడా దాన్ని ఆపలేకపోయింది.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ సముద్రానిది. 1989 నవంబరు కావలి తుపాను లాంటిది వస్తే, ఏటా అలికిన గోడనీ అలకని గోడనీ వేరు చేయదు. అయితే అలకడం శాశ్వతత్వానికి కట్టే కిస్తీ అయితేనే ఆ దెబ్బకు అర్థం కోల్పోతుంది. మీమాంసకులు చెప్పే నిత్యకర్మ వేరు: చేసినందుకు ఫలం అడగరు, మానితే దోషం. గోడ సేవ ఆ కోవలోది. రోమన్ మధ్యవర్తి ఇటుక గోడను ఇంకెన్నాళ్లుంటావని అడగలేదు. గుండుదారం వేసి, ఈ రోజు నిలువుగా ఉందా లేదా అన్నదే చూశాడు.