వేరుపడటం వేరు, వేరుచేయటం వేరు

గుత్తి సాలీడు ఊరు గుత్తి కాదు. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దాని గురించి మొదట రాశాడు. ఆయనకు అందిన సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది కాబట్టి జనం నోట ఆ ఊరి పేరు నిలిచిపోయింది. దుంగలతోపాటు గూడ్సు బండెక్కి వచ్చి ఉంటుందని తర్వాతివాళ్ల అభిప్రాయం. నూరేళ్లు దాటాక, గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో అది మళ్లీ కనిపించింది. చెట్టు తొర్రలో ఉంటుంది. నెమలి మెడలాంటి నీలం. అది రంగు పూసిన నీలం కాదు, సన్నని నూగు మీద వెలుగు విరిగి పుట్టే నీలం.

ఇంట్లో తిరిగే చిన్న సాలీళ్ల పిల్లలు చాలావరకు నూలుపోగు వదిలి గాలికి తేలిపోతాయి. ఎక్కడ పడితే అక్కడ కొత్త కాపురం. ఈ పెద్ద సాలీడు అలా ఎగరదు. ఆడది పదేళ్లు దాటి బతికినా తన తొర్ర విడిచి పెద్దగా పోదు. మగదే జత వెతుక్కుంటూ చెట్టూ చెట్టూ తిరుగుతుంది, అదీ మూడు నాలుగేళ్ల ఆయుష్షులో. మధ్యలో అడవి తెగితే ఆ తిరుగుడూ ఆగిపోతుంది. అప్పుడు ఆ తునకలో ఉన్నవి తమలో తామే జతకడతాయి. తరతరాలకు జన్యువుల్లో రకాలు తగ్గిపోతాయి. పోడు చేసేవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. ఏటా ఒకే కంకి నుంచి విత్తనం తీసి చల్లితే ఏమవుతుందో మన పెద్దవాళ్లకు తెలుసు. చిన్న గుంపులో ఒక గుణం పోవడానికి అది పనికిరానిది కానక్కర్లేదు. ఆ గుణమున్న రెండు ఆడ సాలీళ్లు ఒకే మానులో ఉండి, ఆ మాను కూలితే చాలు.

అయితే వేరుగా ఉండటమే చెడ్డది అనుకుంటే పొరపాటు. హవాయి దీవుల్లో పాత దీవి కవాయి వయసు దాదాపు 50 లక్షల ఏళ్లు, పెద్ద దీవి వయసు 10 లక్షల లోపే. పాత దీవుల నుంచి కొత్త దీవులకు చేరిన సాలీళ్లు ఒక్కోచోట ఒక్కో జాతిగా మారాయి. ఆకు మీద ఉండేది పచ్చగా, నాచులో ఉండేది ఎర్రగా. ఆ పెద్ద దీవిలోనే 1855లోనూ 1881లోనూ మౌనా లోవా కొండ నుంచి లావా పారి అడవిని తునకలు చేసింది. ఆ తునకలను అక్కడి మూలవాసులు కీపుకా అంటారు. ఇంత కొద్దికాలంలోనే కీపుకాల్లోని సాలీళ్ల జన్యువుల్లో తేడాలు వచ్చాయని శాస్త్రజ్ఞులు గమనించారు.

అన్నదమ్ములు వేరుపడతారు, రెండు పొయ్యిలు వెలుగుతాయి, రెండూ నిలుస్తాయి. వేరుచేయటం అలాంటిది కాదు. లావాను ఎవరూ నిలదీయలేరు. రోడ్డునూ రైలునూ కలప కూపులనూ నిలదీయవచ్చు. శాస్త్రం రెండింటికీ ‘ఐసోలేషన్’ అనే ఒకే మాట వాడుతుంది, జన్యువులకు కర్త ఎవరన్నది పట్టదు కాబట్టి. మనకు పట్టాలి. మన గురించి కూడా ‘లోకానికి దూరంగా బతికేవాళ్లు’ అని రాస్తుంటారు. మనం సాలీళ్లం కాదు, ఆ పోలిక మనకు వద్దు. ఉప్పు కోసం, సంత కోసం, సంబంధాల కోసం ఎన్ని కొండలు దాటాం! కానీ ఆ రాతల్లోనూ దూరం చేసింది ఎవరన్నది ఉండదు.

ఇప్పుడు ఈ సాలీడు యూరప్‌లో, అమెరికాలో గాజుపెట్టెల్లో పెరుగుతోంది. అమ్ముతారు, కొంటారు. 2019లో దీని ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. అక్కడ అన్ని ఉన్నాయిగా, జాతి బతికినట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. పట్టుకెళ్లిన కొన్నిటి సంతానం ఎంత పెరిగినా, ఆ కొన్నిటిలో ఉన్న రకాలే వాటిలోనూ ఉంటాయి. మిగతావి అడవిలోనే ఉన్నాయి, ఉంటే.

ఆ ఉండే చోటు వంద చదరపు కిలోమీటర్లకన్నా తక్కువని 2008లో ఐయూసీఎన్ అంచనా వేసి, అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. కారణాల్లో కలపతోపాటు వంటచెరకునూ రాసింది. ఆ మాట దగ్గర మేము ఆగిపోయాం. ముందు కోపం వచ్చింది. అడవిని బండ్లకెక్కించిన సంగతి ఆ సాలీడు పేరులోనే ఉందే, మరి నేరం నెత్తిమోపు మీదికి ఎలా వచ్చింది? గూడ్సు బండినీ నెత్తిమోపునూ ఒకే తక్కెట్లో వేయటం న్యాయం కాదు. ఇప్పటికీ అదే అంటాం.

కానీ కోపంతో పని అయిపోదు. ఎండి, తొర్రపట్టి, తేలిగ్గా విరిగే మానునే మనం ముందు కొడతాం. పచ్చిచెట్టు కొట్టకూడదన్నది మన నీతి. దాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ ఎండుమానే సాలీడు ఇల్లు. పచ్చిదాన్ని కాపాడే నీతి తొర్రలో ఉన్నదాన్ని లెక్కపెట్టలేదు.

బడిలో ఇది చెప్పాక ఒక పిల్లవాడు, “మరి పొయ్యిలో ఏం పెట్టాలి సార్?” అన్నాడు. గ్యాసు బండ మా ఊరికి ఎప్పుడు వస్తుందో ఎప్పుడు రాదో వాడికి బాగా తెలుసు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ ఆదివారం పిల్లలతో కొండెక్కి, కట్టెలకు పోయే దారిలో తొర్రలున్న ఎండుమాన్లు లెక్కపెట్టాం. పదకొండు. ఏ తొర్రలో ఏముందో టార్చి వేసి చూశాం. మూడింట్లో సాలీళ్లున్నాయి, నీలంవి కావు, మాకు పేరు తెలియనివి. ఆ మూడింటినీ ఈ ఏడాదికి వదిలేద్దామని పిల్లలు ఇళ్లలో అడిగారు. రెండిళ్లవాళ్లు సరేనన్నారు.