దానమునకు ముందున్న ధర్మము

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని మన పెద్దలు చెప్పిరి. అందు సందేహము లేదు. అయితే నిన్నటివరకు తన రెక్కల కష్టముపై బ్రతికిన కుటుంబము నేడు చేయి చాపవలసివచ్చినపుడు, అది వారి కర్మయని మనము ఊరకుండవచ్చునా?

కర్మ సిద్ధాంతము మన కష్టమును మనము ఓర్చుకొనుటకు చెప్పబడినదే గాని, ఇతరుల కష్టమును ఉపేక్షించుటకు కాదు. అదియునుగాక, దారిద్ర్యము ఆకాశమునుండి ఊడిపడదు. తెలిసిన వాకిళ్లనుండియే ఇల్లు చొచ్చును. అనిరుధ్ కృష్ణ అను పండితుడు మన ఆంధ్రదేశముతోపాటు పలు ప్రాంతములలో వేలాది కుటుంబముల స్థితిగతులను పరిశీలించి, 2010లో ఒక గ్రంథము వెలువరించెను. కుటుంబములను పేదరికములోనికి త్రోయు కారణములలో అనారోగ్యమే ముఖ్యమని అందు నిరూపించెను. మనము తేలికగా నిందించు సోమరితనము, త్రాగుడు ఆ లెక్కలో చాల వెనుకనున్నవి.

పట్టణములో ఈ ప్రమాదము మరింత తీవ్రము. అద్దె మొదలు కూరాకు వరకు అన్నియు కొనవలసినవే. కూలి నిలిచిననాడు పొయ్యియు నిలుచును. ఆసుపత్రి ఖర్చులకై నెలకు నూటికి 5 రూపాయల వడ్డీతో 50,000 రూపాయలు తెచ్చినచో నెలకు వడ్డీయే 2,500 రూపాయలు. 20 నెలలకు వడ్డీ అసలుతో సమానమగును. అసలు మాత్రము తరుగదు. అంతలో పిల్లవాని చదువు మానును, ఇల్లాలి పుస్తెలు తాకట్టు కెక్కును.

కుచేలుడు ద్వారకకు వెళ్లియు నోరు తెరచి అడుగలేదు. అడుగకయే శ్రీకృష్ణుడు గ్రహించెను. మానధనుల లేమి అట్టిది. దానిని చూచి గ్రహించుట కలవారి వంతు.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదల ఆసుపత్రి ఖర్చును భరించుటకై ఏర్పడినది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు ఏటా 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు చాలును. సంపాదించువాడు మరణించినచో మొదటిదానివలన 2 లక్షల రూపాయలు కుటుంబమునకు చేరును. రెండవది ప్రమాదములకు వర్తించును. అయినను ఇవి కలవని తెలియనివారు, తెలిసియు కాగితములు నింపలేనివారు మన వీధిలోనే ఉందురు.

మన యింట అంట్లు తోము ఆమెకు జబ్బుచేసినపుడు జీతము కోయకుండుట, బ్యాంకుకు తోడు వెళ్లి ఆమె బీమా కట్టించుట, అవసరమునకు వడ్డీలేని బదులిచ్చుట మనకు పెద్ద భారము కాదు. ఆమెకు మాత్రము ఇల్లు నిలుచుటయో కూలుటయో దానిపై ఆధారపడియుండును. పడినవారిని లేపుట దానము. పడనీయకుండుట అంతకు ముందున్న ధర్మము. దీనికి పుణ్యతిథికై వేచియుండ నక్కరలేదు. రేపు ఆమె పనికి రానిచో, ఎందుకు రాలేదని కసరుటకు ముందు, ఒంట్లో ఎట్లున్నదని అడిగి తెలిసికొందము.