చేరదీసిన కుక్కను దలచుకొనుట

దాయాది గతించినచో నిన్ని దినములు మైల పట్టవలెనని మన యిండ్లలోని ముసలివారు వ్రేళ్లమీద లెక్కించి చెప్పుదురు. ఇంట బెరిగిన కుక్క గతించిననాడు మాత్రము ఏమి చేయవలెనో ఎవ్వరును జెప్పజాలరు. పిల్లలు అన్నము ముట్టరు. ఇల్లాలు కన్నులు తుడుచుకొనుచు ఉల్లిపాయలమీద నెపము పెట్టును. పెద్దలు "కుక్కకు గూడ నేడ్పా?" యని గద్దింతురు. మూడవనాటికి గొలుసు అటుక యెక్కును. కొందఱు దాని ఛాయాచిత్రమునకు దండవేసి గోడకు దగిలించుటయు గలదు. అందును అది వెలపెట్టి కొన్న జాతికుక్క గాక, వానలో దడిసి మురుగుకాల్వ ప్రక్కన వణకుచుండగా జేరదీసిన వీధికుక్క యైనచో, ఆ పటము క్రింద నొక కథయు బుట్టును. ఇట్టి స్మరణము తగునా యనునది యొక ప్రశ్న. తగునేని, మనము స్మరించుచున్నది కుక్కనా, మన దయనా యనునది రెండవ ప్రశ్న. నాకు రెండవదియే ముఖ్యముగ దోచుచున్నది. అయినను మొదటిదానికి సమాధానము చెప్పక ముందునకు బోరాదు.

మనిషికే దిక్కులేనిచోట కుక్కకొఱకు కన్నీరేల యని యడుగువారు గలరు. వారిని రాతిగుండెవారని త్రోసివేయుట న్యాయము కాదు. మహారాష్ట్రములోని మహాడ్ పట్టణమున చవదార్ చెరువనునది యొకటి కలదు. దాని నీటిని పశువులు త్రాగవచ్చును గాని, అస్పృశ్యులని వెలివేయబడిన మనుష్యులు త్రాగరాదని యొకప్పుడు కట్టుబాటుండెను. 1927 మార్చి 20వ తేదీన డాక్టర్ అంబేద్కరు వేలజనులతో నడచిపోయి ఆ నీటిని ద్రాగవలసివచ్చెను. ఇట్టి చరిత్రగల దేశములో "మనిషి మాట యేమి?" యని యెవరైన నడిగినచో జవాబు చెప్పుట మన విధి. నా జవాబిది. దయ కుండలోని యన్నము కాదు, ఒకరికి వడ్డించిన మఱియొకరికి దఱుగుటకు. కాని పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టి, కుక్కకు వెండిగిన్నెలో బాలు పోయు ఇండ్లు నేడును గలవు. ఆ యింటివారి దుఃఖము కల్ల యని నేననను. వారి దయ యెచ్చట నాగిపోయినదో ఆ గ్లాసే చెప్పుచున్నది. తప్పు పాలు పోయుటలో లేదు.

ఇక రెండవ ప్రశ్న. దీనికి దృష్టాంతముగ మనుష్యులు గాపాడిన కుక్కను గాక, మనుష్యులను గాపాడిన కుక్క నొకదానిని జెప్పెదను. ఏలయన, గతించినవారిని మన స్మరణ మేమి చేయునో దాని చరిత్రమునందు స్పష్టముగ గానవచ్చును. స్విట్జర్లాండునకును ఇటలీకిని నడుమ ఆల్ప్సు పర్వతములలో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ అను కనుమ కలదు. దాని యెత్తు ఎనిమిదివేల అడుగులకు బైమాట. అచ్చటి మఠమునందలి సన్న్యాసులు మంచులో దారితప్పిన బాటసారులను వెదకుటకు గుక్కలను బెంచెడివారు. 1800వ సంవత్సరమున బుట్టిన బ్యారీ యను కుక్క నలువదిమందికి బైగా ప్రాణములు గాపాడెనని ప్రసిద్ధి. అది ముసలిదైన పిమ్మట 1812లో దానిని బెర్న్ నగరమునకు గొనిపోయిరి. రెండేండ్లు విశ్రాంతిగ బ్రతికి 1814లో నది మరణించినది. దాని చర్మముతో బొమ్మను జేసి అచ్చటి ప్రదర్శనశాలలో నిలిపిరి. మొదట నా బొమ్మ తలవంచి వినయముగ నుండెను.

1923 నాటికి బొమ్మ పెళుసెక్కి ముక్కలైపోయెను. బాగుచేయ బూనినవారు దానిని మునుపటివలె నిలుపలేదు. అప్పటికి ఆ జాతికుక్కల యాకారమే మాఱిపోయియుండుటచే, బ్యారీ తలను గూడ నా కొత్త చొప్పున దిద్దిరి. వంగిన తలను బైకెత్తిరి. మెడలో నొక చిన్న సారాయిపీపాను వ్రేలాడదీసిరి. ఈ పీపా 1820లో ఒక ఆంగ్ల చిత్రకారుడు వ్రాసిన పటమువలన వ్యాపించిన కల్పన. 1978లో ప్రదర్శనశాలాధిపతి దానిని దీసివేయించెను గాని, చూడవచ్చినవారి మనస్సులలోనుండి తీయుట యెవరి తరము? పీపా మరల మెడకెక్కినది. ఇంతటితో నాగలేదు. పారిసునకు జేరువ ఆనియేర్ అనుచోట 1899లో దెఱచిన జంతు శ్మశానవాటిక ముంగిట బ్యారీకి శిల్పము గలదు. నలువదిమందిని గాపాడి, నలువదియొకటవవానిచేత జచ్చెనని దానిమీద జెక్కించిరి. నీడపట్టున ముసలితనమున గన్నుమూసిన ప్రాణికి హత్య నేల యంటగట్టవలెను? చూచువారి కన్నులు చెమర్చుటకు వట్టి ముసలితనము చాలదు కాబోలు!

ఇది విదేశీయుల చాపల్యమని నవ్వుకొననక్కఱలేదు. కుక్క మాట వచ్చినంతనే మనవారు స్వర్గారోహణమును జెప్పుదురు. వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచిన ఘట్టము మహోన్నతమైనదే. కాని తుదకు నా కుక్క యేమయ్యెను? యమధర్మరాజై ప్రత్యక్షమయ్యెను. దేవుడు మిగిలెను, కుక్క మిగులలేదు. ఆదిపర్వములోని సరమ కథను మాత్రము మనవారు తఱచుగ దలపరు. యజ్ఞవాటికలో నే తప్పును జేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరి. తల్లియగు సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. వారు బదులు చెప్పలేదు. అక్కడ కుక్క కుక్కగానే యున్నది, దెబ్బయు దెబ్బగానే యున్నది. చేరదీసిన కుక్కను దలచువారికి ఈ కథయే దగ్గఱ.

ఏలయన, మనమును మన కుక్క మెడలో నొక పీపాను గట్టుచున్నాము. "మేము లేకున్న నది యేమై పోయెడిదో!" యనునదే యా పీపా. పటము చూపిన ప్రతి యతిథికిని ఆ మాట వినిపింతుము. అది అబద్ధము కాదు, కాని ఆ కుక్క కాదు. ఆ కుక్క యెవరైన జీపురెత్తిన మంచము క్రింద దూరెడిది. ఎడమచెవిని ముట్టనీయదు. కడుపు నిండినను రొట్టెముక్కను గొనిపోయి మూలను దాచెడిది. ఒకనాడు పాలవానిని గఱచినది. ఈ గుణములు మన యింట నేర్చినవి కావు. మన యింటికి రాకముందు దానికి రెండేండ్లో మూడేండ్లో గడచినవి. ఆ కాలపు చరిత్ర వ్రాసినవారు లేరు. దాని దేహమే కొంత చెప్పినది. చీపురుతో గొట్టినవాడు పరదేశి కాడు, మన వీధివాడే. మన దయను మాత్రమే తలచినచో ఈ సంగతి కనుమఱుగగును, వీధియు గడిగిన ముత్యమువలె బయటపడును.

దాని తోబుట్టువులు ఆ వీధిలోనే యుండవచ్చును. వానిలో నొకటి పిచ్చిదై బీదవాని బిడ్డను గఱచినచో, రోగలక్షణములు పొడసూపిన పిమ్మట ఆ బిడ్డను దక్కించుకొనుట దాదాపు అసాధ్యము. ఈ భయము కల్పితము కాదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కల నన్నిటిని బట్టి శరణాలయములకు దరలింపుడని యాజ్ఞాపించెను. 22వ తేదీన నా యాజ్ఞను సవరించి, పిచ్చివియు క్రూరములును గానివానిని పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువుడనెను. ఈ పదునొకండు దినములలో ఇరుపక్షములవారును మిక్కిలి బిగ్గఱగ మాటలాడిరి. నాకు దోచిన దేమన, దండవేసిన పటము గల యింటివారు తమ వీధిలోని నాలుగు కుక్కలకు టీకా వేయించినచో, నా పాలవానికిని పటములోని కుక్కకును ఒక్కసారియే మేలు చేసినవారగుదురు.

నేనెఱిగిన యొక యింట నిట్టి పటమే కలదు. దాని క్రింద పదేండ్ల బాలిక తన చేతివ్రాతతో నాలుగు మాటలు వ్రాసి యంటించినది: పుట్టిన తేది తెలియదు, చీపురన్న భయము, చెవి ముట్టరాదు, పెరుగన్నము ఇష్టము. తండ్రి చూచి, "వానలో నుండి మనమే తెచ్చి కాపాడితిమని కూడ వ్రాయమ్మా" యనెను. బాలిక కాగితమును ఇటునటు త్రిప్పి చూచి, "చోటు లేదు నాన్నా" యని చెప్పినది.