పోపులపెట్టెలో వాము

రాత్రి విందు భోజనం కాస్త ఎక్కువై, పొద్దున్నే పొట్ట బిగదీసుకుపోయిందా? మందుల షాపుకి వెళ్లేముందు పోపులపెట్టె మూత తీయండి.

అర చెంచా వాము సన్నని సెగ మీద దోరగా వేయించి అరచేతిలో నలపండి. గుప్పున ముక్కుకి తగిలే ఆ ఘాటు వాములోని థైమాల్ అనే పదార్థానిది. నమిలి గోరువెచ్చని నీళ్లు తాగితే చాలామందికి తేన్పు వచ్చి కడుపు తేలికపడుతుంది. పసిబిడ్డలకి మాత్రం సొంతంగా పట్టకండి.

అసలు కిటుకు వంటలోనే ఉంది. శనగలు, అలసందల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి. పప్పులో ఇంగువ వేసే మన అలవాటు నాకెంతో ఇష్టం, దాన్ని వదులుకోవద్దు. తిన్న వెంటనే నడుం వాల్చకుండా వీధి చివరిదాకా నడిచి రండి.

ఒక్కమాట గట్టిగా చెబుతాను. ఉబ్బరం వారాల తరబడి వదలకపోయినా, ఒళ్లు తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా వాముతో సరిపెట్టుకోకండి. 50 దాటిన అమ్మలూ, అక్కలూ! కొత్తగా మొదలై తరచూ వేధించే ఉబ్బరం అండాశయ క్యాన్సర్‌కి సూచన కూడా కావచ్చు. ఇంటిపని ఆపి అయినా సరే, వెంటనే డాక్టరుకి చూపించుకోండి.